పదకొండున్నర పన్నెండైన చోటు

పోయిన వారం దీపికను మనం మిల్లు మేడ మీద, కంప్యూటర్ల గది కిటికీ దగ్గర విడిచి వచ్చాం. ఆదిలాబాద్ ఊరి చివర శ్యాంసుందర్ సేఠు జిన్నింగ్ మిల్లు అది. కింద గేటు బయట ఇచ్చోడ దిక్కు ఊళ్ల రైతులు మూగి ఉన్నారు. తడి పత్తి తెచ్చారని మిల్లు ఆ రైతుల బండ్లను వాపసు పంపింది. పంపితే పంపింది, నీళ్లు చల్లి బరువు పెంచిన దొంగలని పేరు కూడా పెట్టింది. ఆ గుంపు ముందర, తలకు తువ్వాల చుట్టుకుని ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడ్డ మనిషి దీపికను కన్న తండ్రి హనుమండ్లు.

హనుమండ్లు ఎట్లాంటివాడో మీకు ఎరుకే. ఊళ్లో ఎవరైనా పత్తి మీద నీళ్లు చల్లుతూ కనిపిస్తే చెంబు గుంజుకుని పారబోసే మనిషి. అట్లాంటివాడి బండికే గేటు బోర్డు మీద ఎర్రగా పన్నెండు వెలిగింది. గేటు కాడ కుర్చీ వేసుకుని కూర్చునే సిద్దిరాములు అందరి ముందర పళ్లికిలించాడు.

"ఏం కాకా, ఊరందరికి నీతులు జెప్పి నువ్వు పత్తికి తానం బోయించినవా?"

ఆ మాట బండి కంటే ముందు ఊరికి చేరింది. పైగా వాపసు పోయే దారిలో వాన పట్టుకుని, పొడి పత్తి నిజంగానే తడిసి ముద్దయింది. ఇప్పుడు ఎవరు ముట్టి చూసినా తడే. హోటలు కాడ చాయ తాగబోతే పక్కనున్నవాడు "కాకా, చాయల నీళ్లు సరిపోయినయా, ఇంకిన్ని చల్లాల్నా?" అంటాడు. ఆయన హోటలుకు పోవడం మానేశాడు. పెళ్లిళ్లకు పోవడం మానేశాడు. ఇంటి వెనక తడి పత్తి కుప్ప ముందర కూర్చుని, ఒక్కొక్క దూది తీసి చేతిలో పిండి చూసుకుంటున్నాడు. తను చల్లకపోతే వానకు ముందే నీళ్లు ఎట్లా వచ్చాయని.

నీళ్లు రాలేదమ్మా. ఎక్కడి నుంచీ రాలేదు. అది దీపికకు నిన్న తెలిసింది. అప్పటి నుంచి ఆమె గొంతులో ముద్ద దిగడం లేదు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్లు ఉంటారు కాబట్టి ఆ సంగతి జర విడమరచి చెబుతాను. పత్తి బండి గేటు దగ్గరికి రాగానే ఒక మనిషి రెండు సూదులున్న చిన్న మిషన్ను పత్తిలో గుచ్చుతాడు. పత్తిలో ఎంత తేమ ఉందో అది చెబుతుంది. ఆ అంకె తీగల వెంట పోయి మేడ మీది కంప్యూటర్లో కూర్చుంటుంది. అక్కడి నుంచి రైతు ఫోనుకు, గేటు మీది బోర్డుకు, చేతికిచ్చే చీటీకి పోతుంది. పన్నెండు లోపల ఉంటే బండి లోపలికి. పన్నెండు పడిందా, వాపసు. ఇంతే మిల్లు కానూను.

మిషను ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. పదకొండు పాయింటు ఆరు అంటుంది, పది పాయింటు మూడు అంటుంది. అది సేఠు కోడలు తిరుమలకు నచ్చలేదు. మిల్లులో కంప్యూటర్ల పెత్తనం ఆమెదే. "పాయింట్లు గీయింట్లు గా ఊరోళ్లకు ఏం సమజైతయ్? నిండు అంకె చూపియ్యి" అని హుకుం జారీ చేసింది. దీపిక చేసిపెట్టింది. సగం దాటితే పై అంకె, సగానికి తగ్గితే కింది అంకె. కానీ ఎక్కడ పెట్టింది? ఫోను పేజీలో పెట్టింది. అంటే చూపే చోట. లోపల దాచిన అసలు అంకెను ముట్టలేదు. గేటు తీయాలా మూయాలా అనేది ఆ అసలు అంకెను చూసే తేలేది. అంతవరకు బాగానే నడిచింది.

నడిచీ నడవంగానే లొల్లి మొదలైంది. ఫోనులో పన్నెండు అని వస్తుంది, బోర్డు మీద పదకొండు పాయింటు ఆరు అని వస్తుంది. బండి లోపలికైతే పోతుంది. అయినా రైతు ఊరుకుంటాడా? "గిదొకటి, గదొకటి! ఏది నిజం?" అని మేడ కింద నిలబడి అరిచేవాళ్లు. తిరుమలకు అరుపులంటే పడదు.

"అన్ని దగ్గర ఒకటే అంకె రావాలె" అంది.

దీపిక పక్క కుర్చీలో అవేజ్ అని ఒక పిల్లగాడు పనిచేస్తాడు. అతను, "నిండు అంకె జేసే గదే ముక్కను బోర్డుకొకటి, చీటీకొకటి రాసేద్దాం మేడం, గంటల అయిపోతది" అన్నాడు. దీపిక ఒప్పుకోలేదు. మూడు చోట్ల రాస్తే రేపు ఒక చోట మార్చి ఇంకో చోట మరిచిపోతాం, మళ్లీ ఇదే లొల్లి అంది. ఆ రోజు ఆమె తిరుమలకు ఒక ముచ్చట చెప్పింది.

"పెళ్లింట్ల చూడుండ్రి మేడం. పిల్లను పందిట్ల అందరి ముందర ముస్తాబు జెయ్యం. ఇంటికి, పందిరికి నడుమ ఒక చిన్న గది, అర్ర, ఉంటది. ఆడ తయారు జేసి బయటికి తెస్తం. గట్లనే అసలు అంకెకు, చూపే జాగకు నడుమ ఒక అర్ర పెడత. ఫోను, బోర్డు, చీటీ, అన్ని గా అర్రలకెళ్లే తీసుకుంటయ్. ముస్తాబు ఒక్క తీరు ఉంటది. లోపల అసలుది అసలు లెక్కనే ఉంటది. గేటు మాత్రం అసలు దాన్నే అడుగుతది. నాకు రెండు దినాలు ఇయ్యండ్రి."

తిరుమల రెండు దినాలు ఇవ్వలేదు. "పత్తి సీజన్ల నీకు అర్రలు గట్టుకుంట కూసుంటనా? లోపల్నే మార్చి పారెయ్యి. అంకె లోపలికి పోయేటప్పుడే నిండుగ పోవాలె. ఒక్క లైను. ఇప్పుడే, నా ముందర" అంది. దీపిక నోరు తెరవబోయింది. "నీకు ఈ కుర్చీ ఎవరిచ్చిండ్రో యాదికి ఉన్నదా?" అని తిరుమల నవ్వింది. దీపిక కీబోర్డు ముందుకు లాక్కుంది. ఆ ఒక్క లైను రాసింది.

నగను ఒంటి మీద పెడితే తీసి పెట్టెలో పెట్టుకోవచ్చు. ఎముకలో దిగ్గొడితే తీసేదెట్లా? ఆ రోజు నుంచి పదకొండున్నర దాటిన ప్రతి బండీ లోపలికి పోకముందే పన్నెండైపోయింది. లోపలున్న అంకెనే గేటు నమ్మింది. నమ్మి, మూసుకుంది. వాటిల్లో ఒక బండి హనుమండ్లుది.

ఇదీ నిన్నటిదాకా జరిగింది. ఇక ఇప్పటి సంగతి.

తలుపు తోసుకుని తిరుమల లోపలికి వచ్చింది. చేతిలో సంత్ర పండు. వలుస్తూనే కిటికీ దాకా వచ్చి కిందికి చూసింది.

"మీ బాపు మస్తుగ నిలబడ్డడే. ముందల్నే. లీడర్ లెక్క."

కరీంనగర్ హాస్టల్లో ఈ ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. హనుమండ్లు ఇచ్చోడ నుంచి బస్సులో పల్లీలు, సకినాలు మూటగట్టుకుని వచ్చేవాడు. మూట విప్పంగానే సగం తిరుమల చేతిలో ఉండేవి. "బాపూ, నీ బిడ్డ కంటే నాకే ఎక్కువ తేవాలె" అని గారాలు పోయేది. అప్పుడు ఆమెకు కూడా ఆయన బాపే. ఇప్పుడు "మీ బాపు" అయ్యాడు.

"మేడం," అంది దీపిక. ఆ పిలుపు నాలిక మీద ఇప్పటికీ గరుకుగానే ఉంటుంది ఆమెకు. "తప్పు మనదే. నేను మొత్తం జూసిన. నిండు అంకె జేసుడు లోపల పెట్టినం గదా, గేటు గూడ దాన్నే జదువుతది. పదకొండున్నర వచ్చినోళ్లందరు పన్నెండైపోయిండ్రు. వాళ్ల పత్తి తడి గాదు మేడం. ఒక్కరు గూడ నీళ్లు చల్లలే."

"తెలుసు."

దీపిక సరిగ్గా విననట్టు చూసింది.

"తెలుసే. మొదటి వారమే తెలిసింది." తిరుమల ఒక తొన తీసి నోట్లో వేసుకుంది. "మంచిగున్నయ్ ఈసారి సంత్రలు. తియ్యగున్నయ్."

"తెలిసి ఎందుకు ఊకున్నరు?"

"గోదాముల జాగ ఏది? పత్తి మీద పత్తి వస్తున్నది. కొందర్ని ఆపాలె. నేను నిలబడి ఆపితె కొట్టుకుంటరు, తిట్టుకుంటరు, రోడ్డు మీద కూసుంటరు. కంప్యూటర్ ఆపితె తలకాయలు దించుకుని పోతరు. వాళ్లకు వాళ్లే అనుకుంటరు, మా పత్తే తడి ఉండొచ్చు అని. ఎంత సుఖమో జూడు."

గది మూలన అవేజ్ కంప్యూటర్ తెర వెనక తల దాచుకున్నాడు. దీపిక అతని వైపు తిరిగింది.

"అవేజ్ భాయ్, పాత అంకెలు తీయొచ్చు గదా? మిషన్ పంపిన పాయింట్లు ఏడనో ఒక దగ్గర ఉంటయ్ గదా?"

"లేవు దీపికా." అతని గొంతు తెర వెనక నుంచే వచ్చింది. "లోపలికి పోయేటప్పుడే కోసుకపోయినయ్. దాచిన నకళ్లల్ల గూడ జూసిన, నిండు అంకెనే ఉన్నది. పేజీల పెట్టి ఉంటె తీసి పడేద్దుము. ఇప్పుడు పన్నెండంటె పన్నెండే. పదకొండున్నరనో, పన్నెండున్నరకు జర తక్కువనో ఎవ్వరు చెప్పలేరు. కసమ్‌సే."

"విన్నవా?" అంది తిరుమల. "ఇగ వాళ్ల తాన సబూత్ లేదు, రుజువు లేదు. మన తాన గూడ లేదు. ఉన్నది ఒక్క పన్నెండే. అందుకనే నువ్వు కిందికి పోయి మైకుల చెప్తవ్."

"ఏమని?"

"కంప్యూటర్ తప్పు చెప్పది, మీ పత్తే తడి అని. అందరివి. మా బాపుది గూడ తడే అని."

దీపిక కిటికీలో నుంచి కిందున్న తండ్రిని చూసింది.

"నేను చెప్తె సేఠుల కోడలు అంటరు. అవేజ్ చెప్తె ఇంకో మాట అంటరు. నువ్వు చెప్తె? కన్న బిడ్డే చెప్పిందంటె నమ్మనోడు ఎవడుంటడే?"

"నా బాపును నేనే దొంగ అనాల్నా, తిరుమలా?"

మేడం అనే మాట జారిపోయింది. తిరుమల గమనించింది. గమనించి కనుబొమ్మ ఎత్తింది.

"దొంగ అనకు. నేను అంత పాపిష్టిదాన్నా? తడి అను చాలు. మిగిలింది వాళ్లే అనుకుంటరు."

"అనను."

"అనకు." తిరుమల ఇంకో తొన తీసి దాని నారలు ఓపిగ్గా వలిచింది. "అప్పుడు మైకు నేను తీసుకుంట. పెట్టినం పెట్టినం అంటున్నవ్ గదా ఇందాకటిసంది, నా వేలు ఆ బటన్ల మీద పడ్డదా? గా లైను కొట్టింది నువ్వు. నీ బాపు పత్తి నువ్వే మునగ్గొట్టినవ్, మగడు లేని పోశవ్వది నువ్వే, గా ఊరందరిది నువ్వే. మీ ఊరి పిల్ల, మీ హనుమండ్లు బిడ్డ అని పేరు పెట్టి చెప్త. రేపటిసంది మీ ఇంటి ముందర నిలబడేది ఇప్పుడు గీ గేటు కాడ మూగినోళ్లే. నీళ్లు చల్లినోడు అంటె నవ్వుతరు, నాలుగు దినాలకు మరిచిపోతరు. బిడ్డతోని ఊరిని ముంచినోడు అంటె మరుస్తరా?"

"మీరు చెప్తేనే జేసిన."

"చెప్పిన. తెల్వక చెప్పిన. నువ్వు తెలిసి జేసినవ్. పెళ్లిపిల్లంటివి, నడుమ అర్ర అంటివి, ఎంత మంచిగ సమజ్ జేసినవ్ నాకు! తప్పని గంత ఎరుకున్నదానివి మల్ల ఎందుకు గొట్టినవే?"

నిన్నటి నుంచి దీపిక తనను తాను అడుగుతున్న మాట అదే. తిరుమలకు అది ఎట్లా తెలిసిందో, సరిగ్గా అక్కడే సూది గుచ్చింది.

మిగిలిన సంత్రను తిరుమల దీపిక బల్ల మీద పెట్టింది. "తిను. నిన్నటిసంది ఏం తినలేదంట గదా, అవేజ్ చెప్పిండు. మైకుల మాట గట్టిగ రావాలె" అని, చేతులు తుడుచుకుని మెట్లు దిగింది.

దీపిక అక్కడే నిలబడింది. తండ్రి పేరు తన నోటితోనే మట్టిలో కలపడమా, తన తప్పు ఒప్పుకుని ఆయన్ను ఊరికి శత్రువును చేయడమా. కిటికీలో నుంచి చూస్తుంటే కింద తిరుమల హనుమండ్లు భుజం మీద చెయ్యి వేసి బండ్లు తూచే కాంటా గదిలోకి తీసుకుపోతోంది. ఎంత మర్యాద! కుర్చీ కూడా చూపించింది. దీపికకు అదంతా కనిపించింది గానీ ఒక్క మాట వినపడలేదు. ఆమెకు వినపడని ఆ మాటలు మనం మాత్రం వినాలి.

"కూసో హనుమండ్లు."

"వద్దమ్మా, నిలబడుత." ఆయన తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. "అమ్మా, నేను చల్లలే. నీకు నేను ఎరుకే గదా. హాస్టల్‌కు వచ్చేటోన్ని…"

"నువ్వు చల్లలేదని నాకు ఎరుకే."

ఆయన ముఖం ఎట్లా వెలిగిందో చెప్పలేను. ఇన్ని రోజుల్లో ఆ మాట అన్న మొదటి మనిషి ఆమె. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండు చేతులూ జోడించాడు. తిరుమల ఆ చేతులు జోడించనిచ్చింది, జర సేపు ఆ వెలుగు చూసింది, అప్పుడు చెప్పింది.

"కంప్యూటర్ల తప్పు పడ్డది. పొడి పత్తిని తడి అన్నది. గా తప్పు జేసింది నీ బిడ్డ."

హనుమండ్లు చేతులు అట్లాగే గాలిలో ఉండిపోయాయి.

"నా దీపికనా?"

"పిలువాల్నా? అడుగుతవా?"

"వద్దు." ఆయన చేతులు దించుకున్నాడు. "అడుగ. నేను అడుగుతె దానికి అబద్ధం చెప్ప చాతగాదు. వద్దు."

"బయట అందరు ఎవరు జేసిండ్రు, ఎవరు జేసిండ్రని గుంజి గుంజి అడుగుతుండ్రు. పేరు బయట పడితె ఆడపిల్ల, ఇంకా పెండ్లి గానిది. కేసంటరు, టేషనంటరు. వాళ్ల చేతులకు చిక్కితె కొడ్తరో, ఏం జేస్తరో. నాకు దోస్తే గదా, నాకు బాధ ఉండదా?"

"ఏం జెయ్యాలె అమ్మా?"

"ఏం లేదు. నీళ్లు చల్లిన అని ఒక్క మాట. నువ్వే చల్లినవంటె మిగిలినోళ్లు ఏ మొకం పెట్టుకుని అడుగుతరు? ఇంటికి పోతరు. నీ బిడ్డ పేరు ఎవ్వరు ఎత్తరు."

హనుమండ్లు తువ్వాలను రెండు చేతులతో మెలిపెట్టాడు. ఆయనకు ఆ ఊళ్లో పొలం ఉంది, ఇల్లు ఉంది, కానీ గొప్పగా చెప్పుకునేది ఆ ఒక్కటే. నేను చల్లను.

"చెప్త" అన్నాడు.

"ఒక్కసారి ఈడ చెప్పు. విందాం."

"ఈడనా?"

"మల్ల ఆడ తడబడితె ఎట్ల?"

"నీళ్లు… చల్లిన."

"కింద జూస్కుంట చెప్తె ఎవరు నమ్ముతరు హనుమండ్లు? నన్ను జూసి చెప్పు."

"నీళ్లు చల్లిన."

"గట్టిగ. గేటు దాక వినపడాలె."

"నీళ్లు చల్లిన!"

బయట కాంటా దగ్గర నిలబడ్డ సిద్దిరాములుకు వినపడింది. కిసుక్కున నవ్వాడు. "శభాష్" అంది తిరుమల. పిల్లలకు పద్యం అప్పజెప్పించుకున్న పంతులమ్మ లెక్క.

ఇటు మేడ మీద దీపిక కూడా ఒక నిర్ణయానికి వచ్చింది. సంత్రను ముట్టలేదు. చున్నీ సర్దుకుని మెట్లు దిగింది. నిజం చెప్పేద్దాం, ఏమైతే అదైంది అనుకుంది. కొడితే కొట్టనీ, ఊళ్లో నుంచి వెళ్లగొడితే వెళ్లగొట్టనీ. బాపు హోటల్లో కూర్చుని చాయ తాగాలి. అంతే. అవేజ్ వెనక నుంచి "దీపికా, సోంచాయించుకో జర, ఆలోచించుకో" అన్నాడు. ఆమె తిరిగి చూడలేదు.

గేటు తీశారు. రైతులను మిల్లు వాకిట్లోకి వదిలారు. పత్తి కుప్పల నుంచి లేచిన నూగు ఎండలో తేలుతోంది. సిద్దిరాములు దీపిక చేతికి మైకు ఇచ్చాడు. మైకు కీచుమంది. గుంపు సద్దుమణిగింది.

"నా పేరు దీపిక," అంది ఆమె. "హనుమండ్లు బిడ్డను. గీ కంప్యూటర్ల…"

"నీళ్లు చల్లిన!"

అందరూ అటు తిరిగారు. కాంటా గది మెట్ల మీద హనుమండ్లు నిలబడి ఉన్నాడు. నేర్పినట్టే నిలబడ్డాడు. తల ఎత్తి, గేటు దాకా వినపడేటట్టు.

"నేను నీళ్లు చల్లిన. నా పత్తి తడే. కంప్యూటర్ తప్పు లేదు. నా బిడ్డది… మిల్లోళ్లది ఏం తప్పు లేదు."

దీపిక చేతిలో మైకు ఛాతీ మీదికి జారింది. గుంపులో ఎవరో "థూ" అన్నారు. ఇంకొకరు, "వీని మొకం జూసి పని ఇడిసిపెట్టి వచ్చినం గదరా" అన్నారు. వెనక వరుసలో ఉన్నవాళ్లు అప్పుడే చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటున్నారు. అంతవరకు మాకు న్యాయం కావాలని అరిచినవాళ్లు ఇప్పుడు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోలేకపోతున్నారు. హనుమండ్లే చల్లితే, తక్కినవాళ్లు చల్లలేదని ఎవరు నమ్ముతారు? ఆయన తన పేరు ఒక్కటే తీసి కింద పెట్టాననుకున్నాడు. అందరి పేర్లూ దాంతోపాటే పడ్డాయి.

"బాపూ, ఏం మాట్లాడుతున్నవ్?" అంది దీపిక. మైకులో ఆ మాట పెద్దగా మోగింది.

"నువ్వు ఊకో" అన్నాడు హనుమండ్లు, ఆమె వైపు చూడకుండా.

మెట్ల పక్క తిరుమల చేతులు కట్టుకుని నిలబడింది. ముఖంలో ఏమీ లేదు. వాన వెలిసిందా లేదా అని చూసేవాళ్లకు ఉన్నట్టు, అంతే.

అప్పుడు గుంపులో నుంచి పోశవ్వ ముందుకు వచ్చింది. మగడు పోయిన మనిషి. ఒంటి చేత్తో పత్తి పండించుకుని తెస్తే ఆమె బండికి కూడా పన్నెండే వెలిగింది. ఆ బండి వాపసు పోయిన నాటి నుంచి ఆమె అత్తగారు ఆమెతో ఒక్క పూట మాట్లాడలేదు. పోశవ్వ తొందరపడలేదు. నడుముకు కొంగు చెక్కుకుని, హనుమండ్లు ఎదురుగా వచ్చి నిలబడింది.

"తమ్మీ, మల్లొకసారి చెప్పు."

"చల్లిన అక్కా."

"పోయినేడు నా చేతులకెల్లి చెంబు గుంజుకున్నవ్. నీళ్లు నా చీర మీదనే పోసినవ్. యాదికున్నదా? గా దినమెల్లి నేను చెంబు ముట్టలే. నువ్వు చల్లినవా?"

"చల్లిన."

"అబద్ధం."

"అబద్ధం ఎందుకు చెప్త అక్కా, నా ఇజ్జత్ నేను తీసుకుంటనా?"

"గదే నేను అడుగుతున్న." పోశవ్వ దీపికను చేత్తో చూపించింది. "గీడ నీ బిడ్డ ఉన్నది. దాని నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు. నేను ఇంటికి పోత. అందర్ని తీసుకుని పోత. ఇగ ఈ గేటు మొకం జూడ."

మా దిక్కు మనిషి గుళ్లో నిలబడి అబద్ధమాడతాడేమో గానీ కన్నబిడ్డ తల ముట్టి ఆడడు. ఆడితే ఆ బిడ్డ బతికి నిలవదు అంటారు. నిలవకపోవడం కళ్లతో చూసినవాళ్లం కూడా ఉన్నామంటారు. అది నిజమో కాదో మనకెందుకు. హనుమండ్లుకు మాత్రం నిజం.

ఆయన కదలలేదు. గుంపులో చెప్పులు వేసుకున్నవాళ్లు కూడా ఆగిపోయారు.

"పెట్టు హనుమండ్లు," అంది తిరుమల. గొంతులో కొంచెం విసుగు. "చెయ్యే గదా. పెడితె ఏమైతది?"

ఆ మాటకు పోశవ్వ ఒక్కసారి ఆమె వైపు చూసి ముఖం తిప్పుకుంది.

హనుమండ్లు మెట్లు దిగాడు. దీపిక దగ్గరికి నడిచాడు. దగ్గరికి వస్తుంటే దీపికకు ఆయన గడ్డం కనిపించింది, గీసుకోక తెల్లగా పెరిగింది. చొక్కా గుండీలకు పత్తి నూగు అంటుకుని ఉంది. కుడి చెయ్యి పైకి లేచింది. పెదవులు కదులుతున్నాయి. ఆయన ఏదో మొక్కుకుంటున్నాడు, ఎవరికీ వినపడకుండా. దీపికకు వినపడింది.

"నా మీద పడాలె. దాని మీద వద్దు. నా మీదనే పడాలె."

అప్పుడు అర్థమైంది ఆమెకు. ఈయనకు అంతా తెలుసు. లైను రాసిన చెయ్యి ఎవరిదో తెలుసు. తెలిసి, ఇన్నేళ్లు కాపాడుకున్న ఆ ఒక్క మాటనూ తెచ్చి బిడ్డ కాళ్ల ముందర పెట్టాడు. పెట్టిన తరువాత ఇప్పుడు దేవుడితో బేరమాడుతున్నాడు, శిక్ష ఎవరికి వెయ్యాలో.

చెయ్యి ఆమె జుట్టు దాకా వచ్చింది. ఇంకొక్క క్షణం ఓర్చుకుంటే అందరూ ఇళ్లకు పోతారు. ఎవరూ ఆమెను ఏమీ అడగరు. ఆమె కుర్చీ ఆమెకు ఉంటుంది. ఆమె తల వంచుకుని నిలబడి ఉంటే చాలు. బిడ్డలందరూ ఆశీర్వాదానికి నిలబడినట్టే.

దీపిక ఒక్క అడుగు వెనక్కి వేసింది.

హనుమండ్లు చెయ్యి ఖాళీ గాలిలో ఆగింది. మెట్ల దగ్గర తిరుమల కట్టుకున్న చేతులు విప్పుకుంది. ఆయన బిడ్డ వైపు చూశాడు. వద్దు అన్నట్టు, దండం పెట్టినట్టు చూశాడు. ఇంకోసారి చెయ్యి చాచాడు. ఆమె ఇంకో అడుగు వెనక్కి వేసింది.

పోశవ్వ వాళ్లిద్దరి నడుమకు వచ్చింది. హనుమండ్లు చాచిన చేతిని మెల్లగా పట్టుకుని కిందికి దించింది. తరువాత దీపిక గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. మైకు ఇంకా బతికే ఉంది. ఆమె మాట వాకిలంతా, గేటు బయట రోడ్డంతా వినిపించింది.

"నువ్వెందుకు జరిగినవ్ బిడ్డా?"